ఊపిరి పరీక్ష కాగితం మీద ‘శ్రమ చాలలేదు’ అని రాశారు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె వయసు 52 ఏళ్లు. పాతపట్నం దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చి, ముప్పై ఏళ్లుగా భర్తతో కలిసి టిఫిను దుకాణం నడుపుతున్నారు. అందులో ఇరవై రెండేళ్లు కట్టెల పొయ్యి ముందే గడిచాయి. ఇరవై ఏడేళ్ల వయసులో క్షయ వచ్చి, మందులు పూర్తిగా వాడి నయం చేసుకున్నారు. నాలుగేళ్ల కిందట సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగా బయటికి పోని దీర్ఘకాలపు జబ్బు, అని తేల్చి రెండు ఇన్‌హేలర్లు ఇచ్చారు. గత సంక్రాంతి నుంచి దండెం మీద బట్టలు ఆరేయడానికి చేతులు పైకెత్తితే గుక్క తిప్పుకోలేకపోతున్నారట. రాత్రి రెండు తలగడలు లేనిదే పడుకోలేకపోతున్నారు. రెండేళ్లలో బరువు 49 కిలోల నుంచి 41కి దిగింది. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా మందుల షాపులో అడిగి చిన్న తెల్ల మాత్రలు వేసుకొంటున్నారట. దుకాణంలో అందరికీ పెట్టాక, మధ్యాహ్నం మూడింటికి ఒకేసారి తింటారట.

శ్వాస కండరాల బలం కొలిపించమని వైద్యుడు రాస్తే, విశాఖలో ఉద్యోగం చేసే కొడుకు సెలవు పెట్టి వచ్చి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మామూలు ఊదే పరీక్ష మూడుసార్లు చేయించిన వెంటనే, ఇంకా రొప్పుతున్న ఆమె నోట్లో మరో గొట్టం పెట్టి, ముక్కుకు క్లిప్పు తగిలించి, టెక్నీషియన్ ఒడియాలో ‘జోర్‌రే టాణంతు’ (గట్టిగా లాగండి) అన్నాడు. ‘బజారు ఒడియా నాకు బాగానే వచ్చు. కానీ ఏం లాగాలో తెలియలేదు. గొట్టాన్ని లాగమంటున్నాడేమో అనుకొని దాన్నే పట్టుకొని లాగాను. ఆయన విసుక్కున్నాడు’ అని రాశారు. చివరికి వచ్చిన అంకెలు వరుసగా 38, 31, 22. పక్కన 49 శాతం అనీ, అడుగున ‘శ్రమ చాలలేదు, సహకారం తక్కువ’ అనీ ఉంది. కొడుకు ఆ ముక్కను కోడలి ముందు చదివి, ‘నువ్వు మనసు పెట్టి చేయలేదమ్మా’ అన్నాడు.

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉత్తరం చివర రాశారు. కాన్పుల తర్వాత నుంచి దగ్గినా, గట్టిగా ఊదినా మూత్రం చుక్కలు పడతాయి. పక్కనే కొడుకు నిలబడి ఉండటంతో పరీక్ష జరిగినంతసేపూ బిగబట్టుకొని కూర్చున్నారు. పై కట్టుడు పళ్లు వదులుగా ఉండటం వల్ల మింగేస్తానేమోనన్న భయంతో వాటిని తీసి సంచిలో పెట్టుకున్నారు. ఇప్పుడు కొడుకు మూడు బంతుల పరికరం తెప్పిస్తానంటున్నాడు, తమ్ముడు విశాఖ వచ్చి మళ్లీ చేయించుకోమంటున్నాడు, భర్త ఇక పరీక్షలు చాలంటున్నారు. ‘49 శాతమంటే సగం ప్రాణమేనా? తప్పు నాదేనా? మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలా? మూత్రం సంగతి అబ్బాయికి చెప్పాలా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఇంట్లో మాటామాటా ఆ మూడు అంకెల చుట్టూ తిరుగుతోంది కాబట్టి ముందు వాటి సంగతే చెబుతాను. ఊపిరి మొత్తం వదిలేశాక, మూసి ఉన్న గొట్టంలోంచి ఎంత బలంగా గాలిని లోపలికి లాగగలరో ఆ పరీక్ష కొలుస్తుంది. కొలత నీటి సెంటీమీటర్లలో ఉంటుంది. 38 అంటే, నిలువుగా పట్టుకున్న సన్నని గొట్టంలో నీటిని 38 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే మూరెడుకు కాస్త తక్కువగా, లాగి నిలపగలిగిన బలమన్నమాట. ఆరోగ్యవంతులు తీరుబడిగా కూర్చొని ఊపిరి తీసుకొనేటప్పుడు వాడేది ఇందులో చాలా చిన్న భాగం.

ఇది మనిషి తన ఇష్టంతో బలం పెడితేనే పలికే పరీక్ష. రక్తంలో చక్కెర కొలిచినట్టు కాదు. పైన ఎంత వచ్చిందో అంతకన్నా ఎక్కువ బలం ఉండి కూడా, భయం వల్లనో, గొట్టం పక్కనుంచి గాలి పోవడం వల్లనో, చెప్పింది అర్థం కాకపోవడం వల్లనో తక్కువ చూపించవచ్చు. లేని బలాన్ని మాత్రం, పరీక్ష సక్రమంగా జరిగితే, ఎవరూ చూపించలేరు. అందువల్ల 38ని ‘మీ బలం 38’ అని చదవకూడదు, ‘కనీసం 38 ఉంది’ అని చదవాలి. అసలు బలం 40 కావచ్చు, 65 కావచ్చు. ఆ కాగితం దాన్ని తేల్చలేదు.

తేల్చలేదని నేను మీ మీది జాలితో అనడం లేదు. శ్వాస కండరాల పరీక్షల మీద అమెరికా, ఐరోపా ఛాతీ వైద్య సంఘాలు 2002లో కలిసి వెలువరించిన పత్రం ప్రకారం, ఒకదానితో ఒకటి 20 శాతం లోపు తేడాతో కలిసే మూడు ప్రయత్నాలు వచ్చాక, వాటిలో పెద్దదాన్ని తీసుకోవాలి. మీ 38కీ 22కీ మధ్య తేడా నలభై శాతం దాటింది. పైగా ఈ పరీక్షలో మనిషి నేర్చుకొంటున్నకొద్దీ అంకె సాధారణంగా పెరుగుతుంది. మీది దిగుతూ వచ్చిందంటే, ఊదే పరీక్ష అలసట తీరకముందే మొదలుపెట్టారనీ, మధ్యలో నిమిషమైనా విశ్రాంతి ఇవ్వలేదనీ, మొదటి విసుగు తర్వాత మీరు లోలోపల చేతులెత్తేశారనీ అనుకోవడానికి వీలుంది. ‘శ్రమ చాలలేదు’ అన్నది ఆ కాగితాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దని వైద్యుడికి చేసే హెచ్చరిక. దాన్ని మీ అబ్బాయి మీ నడవడిక మీద తీర్పుగా చదివాడు.

నేనూ అటువంటి యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడినదాన్నే. బయట రోగులు బారులు తీరిన రోజుల్లో ‘సహకారం తక్కువ’ అని గీకి పంపిన కాగితాలు నా చేతి మీదుగానూ వెళ్లాయి. ఒకసారి ఒక పెద్దావిడ నాలుగోసారి కూడా మధ్యలోనే ఆపేస్తే నేను విసుక్కున్నాను. ఆవిడ క్లిప్పు తీసి చూపించింది. దాని కింద ముక్కుపుడక లోపలికి గుచ్చుకొని నెత్తురు చిమ్మింది. ఆ తర్వాత ఎవరి కాగితం మీదనైనా ఆ మాట రాసేముందు, ఏం అడ్డొచ్చిందని అడగడం అలవాటు చేసుకున్నాను. మిమ్మల్ని ఆ మాట ఎవరూ అడగలేదు.

ఇక 49 శాతం సంగతి. ఆ శాతం మీ ఒంట్లోంచి రాలేదు, యంత్రంలో ఎక్కించిన సూత్రంలోంచి వచ్చింది. 1969లో బ్లాక్, హయట్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ప్రకారం స్త్రీలకు ఉండవలసిన బలం, 104 నుంచి వయసులో సగానికి కాస్త ఎక్కువ తీసేస్తే వచ్చేది. మీ వయసుకు అది 77 దాటి వస్తుంది, 38 దానిలో 49 శాతం. మీ యంత్రం వాడింది ఆ సూత్రమేనని లెక్క చూస్తే తెలుస్తోంది. 2009లో ఎవాన్స్, వైట్‌లా అనే కెనడా వైద్యులు అప్పటికి వచ్చిన కొలతలను కలిపి చూసి, సగటుతోపాటు మామూలు పరిధికి కింది అంచు కూడా ఇచ్చారు. 52 ఏళ్ల స్త్రీకి ఆ అంచు 36. అంటే ఒక సూత్రంలో సగమే ఉన్న 38, మరొక దానిలో మామూలు పరిధి గడప లోపలే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఈ బలం మనిషికీ మనిషికీ అంత తేడాగా ఉంటుంది. కాబట్టి చిన్న అంకె ఒంటరిగా ఏదీ రుజువు చేయదు. 80 దాటిన అంకె వస్తే మాత్రం చెప్పుకోదగ్గ బలహీనత లేదని ధైర్యంగా అనవచ్చు. లేదని చెప్పడానికి పనికొచ్చినంత బాగా ఈ పరీక్ష ఉందని చెప్పడానికి పనికిరాదు.

సీఓపీడీ ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరచుకొన్న డయాఫ్రమ్ అనే కండరమే ఊపిరికి ముఖ్యం. ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకొని అవి ఉబ్బి ఉన్నప్పుడు ఆ గొడుగు కిందికి నొక్కుకొని బల్లపరుపు అవుతుంది. మోచేయి పూర్తిగా ముడిచి ఉంచుకొని బిందె ఎత్తమంటే ఎంత కండ ఉన్నా ఏం లాభం? అదే ఇక్కడా జరుగుతుంది. 1991లో సిమిలోవ్‌స్కీ, ఆయన సహచరులు ఇటువంటి రోగుల డయాఫ్రమ్‌ను నరం ద్వారా ప్రేరేపించి, అంటే రోగి ప్రయత్నంతో పని లేకుండా, కొలిచి చూశారు. ఊపిరితిత్తుల్లో గాలి ఒకే మోతాదులో ఉన్నప్పుడు పోల్చితే ఆ కండరం ఆరోగ్యవంతుల కండరానికి తీసిపోలేదు. అందువల్ల రేపు పరీక్ష సక్రమంగా జరిగి కూడా అంకె తక్కువగానే వస్తే, కండరం చచ్చుబడిందని భయపడకండి. చోటు చాలక అది పని చేయలేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. ఇన్‌హేలర్ సరిగ్గా లోపలికి పోయి చిక్కుకొన్న గాలి తగ్గితే ఆ మేరకు దానికి వీలు చిక్కుతుంది.

అంతమాత్రాన మీ ఆయాసాన్ని తేలిక చేయడానికి వీల్లేదు. చేతులు పైకెత్తితే గుక్క తిప్పుకోలేకపోవడానికి కారణం, డయాఫ్రమ్‌కు సాయం చేసే మెడ, భుజాల కండరాలు ఆ క్షణంలో చేతుల్ని మోయాల్సి రావడం. సీఓపీడీలో ఇది చాలామందికి ఉంటుంది. దండెం నడుము ఎత్తుకు దించి కట్టించుకోండి, ఇందులో ఆలోచించేదేమీ లేదు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం మాత్రం వేరే మాట. అది డయాఫ్రమ్ బలహీనత వల్ల రావచ్చు, గుండె వల్ల కూడా రావచ్చు. ఉదయం లేవగానే తలనొప్పి, పగలంతా మగత ఉంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొంటోందేమో కూడా చూడాలి. మీ ఉత్తరంలో ఎక్కడా గుండె ఎకో గానీ, రక్త వాయువుల పరీక్ష గానీ చేసినట్టు లేదు. తక్కిన వాటిలో మీ ఇష్టాయిష్టాలకు చోటుంది కానీ, ఈ రెండింటి గురించి మాత్రం ఈ వారమే మీ వైద్యుణ్ని అడగండి. బరువు ఎనిమిది కిలోలు తగ్గిందంటున్నారు, పూర్వం క్షయ ఉంది కాబట్టి కఫం పరీక్ష మళ్లీ అవసరమా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి.

ఇక మీ ముగ్గురు మగవాళ్ల సలహాలు. మీ ఆయన చెప్పినట్టు పరీక్షలు మానేసి ఊరుకోవడం తెలివితక్కువ పనేమీ కాదు. నడక, కాళ్లూ చేతులకు వ్యాయామం, ఊపిరి తీసి వదిలే మెళకువలు నేర్పే పల్మనరీ రీహాబ్ శిక్షణకు ఈ అంకెతో పని లేదు, ఆయాసం ఉంటే చాలు. మీ వైద్యుడి అనుమతితో రేపే మొదలుపెట్టవచ్చు. మీ ఊళ్లో ప్రత్యేక కేంద్రం లేకపోయినా, ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పి పంపితే ఇంట్లో చేసుకోదగ్గవి చాలా ఉన్నాయి. ఆ దారిలో నష్టం ఏమిటంటే, పడుకున్నప్పటి ఆయాసానికి కారణం తెలియకుండా ఉండిపోతుంది. నిజంగానే డయాఫ్రమ్ బలహీనంగా ఉంటే రాత్రిపూట ముక్కుకు తగిలించే యంత్రం వంటి సాయం అందవలసిన సమయంలో అందకపోవచ్చు.

మీ తమ్ముడి మాట వింటే రైలు మీ ఊరి మీదుగానే విశాఖ వెళుతుంది, భాషతో ఇబ్బంది ఉండదు. ఖర్చు మాత్రం ముందే చూసుకోవాలి. ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఒడిశా కార్డువారికి వర్తించదు కాబట్టి, మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో, ఆ ఆసుపత్రిలో ఈ పరీక్షలు ఉన్నాయో లేవో ఫోన్లో కనుక్కొన్నాకే టికెట్టు కొనండి. అంత దూరం వెళ్లేటప్పుడు పాత పరీక్ష ఒక్కటే మళ్లీ చేయించుకొని వస్తే ప్రయాణం దండగ. కూర్చొని ఒకసారి, పడుకొని ఒకసారి ఊదించి, పడుకున్నప్పుడు గాలి ఎంత తగ్గిందో చూడమని అడగండి. మామూలుగా తగ్గేది కొద్దిగానే. పావు వంతు, మూడో వంతు దాకా తగ్గితే డయాఫ్రమ్ మీద అనుమానం బలపడుతుంది. ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఎగబీల్చే పరీక్ష కూడా ఉంది. జలుబు చేసినప్పుడు అందరం చేసే పనే కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర లేదు, పళ్లతోనూ పెదాలతోనూ నిమిత్తం లేదు. స్త్రీలకు అందులో 60, మగవారికి 70 దాటితే పెద్ద బలహీనత లేనట్టే. సీఓపీడీలో అది ఉన్న బలం కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది, ముక్కు దిబ్బడ ఉంటే మరీనూ. అయినా నోటితో లాగేదీ, ముక్కుతో ఎగబీల్చేదీ, ఈ రెండు పరీక్షల్లో ఏదో ఒకటి బాగా వచ్చినా చాలు, మీ అనుమానం తీరుతుంది.

మూడో దారి, పాత ఆసుపత్రిలోనే మళ్లీ చేయించుకోవడం. దగ్గర, ఖర్చు తక్కువ. ఆ గది చూస్తేనే మీ గుండె దడదడలాడుతుందంటే మాత్రం అక్కడ వచ్చే అంకెను నేను నమ్మను. అబ్బాయిని కాకుండా తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఇంటి ఆడమనిషిని ఎవరినైనా తీసుకెళ్లగలిగితే ఆ భయం సగం తగ్గుతుంది. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఎదుటివాళ్లకు అర్థమయ్యే మాటలోనే చెప్పాలన్న పట్టుదల ఆ టెక్నీషియన్‌కూ కొంచెం ఉండి ఉంటే మీరు గొట్టాన్ని పట్టుకు లాగేవారు కాదు.

మీ అబ్బాయి తెప్పిస్తానంటున్న మూడు బంతుల పరికరం ఆపరేషన్ల తర్వాత ఊపిరితిత్తులు బాగా తెరుచుకోవడానికి ఇచ్చేది. బంతి లేచినప్పుడు చూడటానికి బాగుంటుంది గానీ, కండరం మీద కొలిచిన బరువు పడదు. కండరానికి కసరత్తు ఇచ్చే పరికరం వేరు. అందులో స్ప్రింగు ఉన్న కవాటం ఉంటుంది, ఇంత బలంతో లాగితేనే తెరుచుకొనేలా దాన్ని తిప్పి పెడతారు. కొన్నిటిలో ఆ బిగింపు 9 సెంటీమీటర్ల నుంచి 41 దాకా ఉంటుంది. మొదట మన గరిష్ఠ బలంలో 30 శాతం దగ్గర పెట్టి, రోజూ అరగంట చొప్పున కొన్ని వారాలు చేయిస్తూ పెంచుకుంటూ పోతారు. మీ అసలు బలం 38 అయితే 11 దగ్గర మొదలుపెట్టాలి, 60 అయితే 18 దగ్గర. కాబట్టి సరైన అంకె తెలియకుండా ఆ పరికరం కొంటే, రాళ్లు లేని తక్కెడ కొన్నట్టే. ఇంకో మాట కూడా అబ్బాయికి చెప్పండి. శ్వాస కండరాలు బలహీనంగా ఉన్న 200 మందికి పైగా సీఓపీడీ రోగులతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రీహాబ్‌కు తోడు ఈ కసరత్తు కూడా చేసినవారికి కండరాల బలం పెరిగింది కానీ, ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం తక్కిన వారికన్నా పెరగలేదు. డబ్బూ ఓపికా ఒకదానికే ఉంటే నేను నడక శిక్షణకే ఓటు వేస్తాను.

కండరాలు బలహీనపడటానికి మీ ఇంట్లోనే రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా మందుల షాపులో అడిగి వేసుకొంటున్నామన్న చిన్న తెల్ల మాత్రలు స్టెరాయిడ్లు అయితే, పదే పదే వాడటం వల్ల కండరాలు కరుగుతాయి. వాటి పేరు వైద్యుడికి చూపించండి, మీ అంతట మీరు ఉన్నట్టుండి మానవద్దు. రెండోది తిండి. దుకాణంలో అందరికీ పెట్టి, మధ్యాహ్నం మూడింటికి ఒకేసారి నిండుగా తినడం మానండి. నిండిన పొట్ట డయాఫ్రమ్‌కు అడ్డు. గుడ్డు, చేప, పప్పు, చోడి అంబలి వంటివి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తీసుకోండి.

మూత్రం సంగతి అబ్బాయికి చెప్పాలా అని అడిగారు. చెప్పకపోయినా ఫరవాలేదు, టెక్నీషియన్‌కు లేదా అక్కడి నర్సుకు చెబితే చాలు. కోడలికి చెబితే తోడు వస్తుంది. ఆ అమ్మాయి ముందే కదా మీకు మాట పడింది. ఈ ఇబ్బంది బయటికి గట్టిగా ఊదే పరీక్షలో ఎక్కువ, లోపలికి లాగేదాంట్లో తక్కువ. మీ సందేహం తీరడానికి లాగేదొక్కటి చాలు, ఊదే బలం కొలవడం వద్దని అడిగే హక్కు మీకుంది. అసలు ఆ చుక్కలు పడటానికి కూడా వైద్యం ఉంది, స్త్రీల వైద్యురాలు నేర్పే కటి కండరాల వ్యాయామంతోనే చాలామందికి తగ్గుతుంది.

మళ్లీ వెళ్లాలని నిశ్చయించుకొంటే, ఈ మధ్య కంటి శుక్లం ఆపరేషన్ గానీ, గుండెపోటు గానీ, కఫంలో నెత్తురు గానీ ఉంటే ముందే చెప్పండి, అటువంటప్పుడు ఈ పరీక్ష వాయిదా వేస్తారు. ఊదే పరీక్ష అయ్యాక పావుగంట కూర్చోనివ్వమనండి. మూత్రానికి వెళ్లి వచ్చి, ప్యాడ్ పెట్టుకొని, లోపావడా నాడా వదులు చేసుకొని కూర్చోండి. కట్టుడు పళ్లు లేకుండా పెదాలు లోపలికి పోతాయి కాబట్టి, పెదాల వెనక చిగుళ్ల మీద ఆనే అంచున్న రబ్బరు మౌత్‌పీస్ ఉందేమో అడగండి. గొట్టంలో సన్నని చిల్లు ఉంటుంది, లాగుతున్నప్పుడు సూ అని చప్పుడు వస్తే లీకు అనుకొని ఆపవద్దు. బుగ్గలతో పీల్చి మోసపుచ్చకుండా ఉండటానికే అది ఉంది. ఊపిరంతా వదిలేయండి, ఇంకా వదలండి, ఇక లేదనుకున్నాక చిక్కని మజ్జిగను స్ట్రాతో పీల్చినట్టు ఛాతీతో లాగి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టేదాకా పట్టి ఉంచండి. మధ్యలో నిమిషం విశ్రాంతి అడగండి. ఐదారుసార్లు చేయవలసి వచ్చినా అది మామూలే. ముక్కుపుడక ఉంటే ఆ పూటకు తీసి కోడలి చేతికి ఇవ్వండి.